వియ్యంకుడికి నీళ్ళు మోసినవాడు

మొన్న మిర్చి టిక్కీ బస్తాలు ట్రాక్టరుకెత్తించుకుని గుంటూరు యార్డుకు వెళ్తుంటే, బైపాస్ పక్కన సర్దార్జీ లారీల షెడ్డు ఉండాల్సిన చోట పెట్రోలు బంకు కనిపించింది. ఆయన పోయి రెండేళ్ళయిందట. మూడేళ్ళుగా నేను యార్డు వైపు రాలేదు, నాకెవరూ చెప్పలేదు. మా ఆవిడ పోయాక నాకు కబుర్లు మోసేవాళ్ళే లేరు.

సరుకు అమ్ముడయ్యేదాకా నేను ఆ షెడ్డులోనే కూర్చునేవాణ్ణి. పంజాబు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు మన ఎండలు భరించిన మనిషి. మిరపకాయ బజ్జీ తిని, కళ్ళు తుడుచుకుంటూనే ఇంకోటి అడిగేవాడు. పదిమంది పనివాళ్ళున్నా, హమాలీలకు మంచినీళ్ళు మాత్రం తనే ముంచి ఇచ్చేవాడు. యజమానివి, నీకెందుకయ్యా ఇదంతా అంటే, వాళ్ళ సిక్కుల మూడో గురువు కథ చెప్పాడు. ఆయన ఇంకా గురువు కాని రోజులవి. అరవై దాటిన మనిషి, తనకన్నా ఎంతో చిన్నవాడైన రెండో గురువు స్నానానికి రోజూ తెల్లారకముందే నది నుంచి కడవతో నీళ్ళు మోసేవాడు. ఓసారి చీకట్లో నేతగాళ్ళ ఇంటి ముందు మగ్గం గుంటలో పడ్డాడు. కడవ మాత్రం ఒలకనివ్వలేదు. ఎవరిదా చప్పుడని మొగుడడిగితే, "ఆ దిక్కులేని ముసలాడేలే" అందట ఇల్లాలు. ఆ మాట చెవిన పడిన రెండో గురువు, దిక్కులేనివాళ్ళకి ఈయనే దిక్కని తన గద్దె ఆయనకే ఇచ్చేశాడు. "ఇంకో సంగతండీ. ఆ రెండో గురువుగారి కూతుర్ని ఈయన తమ్ముడి కొడుక్కే ఇచ్చారు" అన్నాడు సర్దార్జీ.

నేను ఉలిక్కిపడ్డాను. "అంటే మగపెళ్ళివారి పెద్దాయన, పిల్ల తండ్రికి నీళ్ళు మోశాడా? వియ్యంకుడి వరసయ్యా!"

"మాలోనూ చిన్నతనమేనండీ. ఊరు నవ్వింది. ఆయన మోస్తూనే ఉన్నాడు."

నాకెందుకంత ఉలుకో చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు కనిగిరిలో మా వియ్యంకుడు కొత్తిల్లు కట్టి గృహప్రవేశానికి పిలిస్తే, ఎదురు రావడానికి తమ్ముణ్ణి పంపాడని గేటు దగ్గరే కారు తిప్పుకుని వచ్చేసినవాణ్ణి నేను. ఆయన అప్పుడు పూజలో పీటల మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. తెలిసినా తగ్గలేదు. ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా కొడుకూ కోడలూ వెళ్ళేవాళ్ళు, నేనొక్కణ్ణే ఇంట్లో పచ్చడి మెతుకులు తినేవాణ్ణి. కథ విన్నాక, కోతలయ్యాక వెళ్దామనుకున్నాను. కోతలయ్యాయి. ముందు ఆయన ఫోన్ చెయ్యాలి కదా అనుకున్నాను. అలా ఇంకో ఏడేళ్ళు. "నాన్నకి మతిమరుపొచ్చింది మామయ్యా" అని కోడలు చెప్పినా, నన్ను మెత్తబరచడానికే అంటోందనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

మొన్న ఆ బంకు చూశాక మనసు ఆగలేదు. సరుకు దింపించి కనిగిరి బస్సెక్కాను. గేటు తీస్తుంటే వియ్యంకుడు కర్ర పట్టుకుని వసారాలోంచి దిగి ఎదురొచ్చాడు. నా చేతిసంచి తనే అందుకున్నాడు. "రండి రండి, ఎండన పడి వచ్చారు. ఎవరింటికొచ్చారండీ?"

లోపలినుంచి వాళ్ళావిడ, "మీ వియ్యంకుడుగారండీ" అంది.

"ఏడీ, ఇంకా రాలేదుగా! వస్తే చెప్పు, గేటు దాకా ఎదురెళ్ళాలి. కిందటిసారి వెళ్ళలేకపోయాను" అన్నాడాయన, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని.

నేనేనని ఎంత చెప్పినా మర్యాదగా తలూపాడు, నమ్మలేదు. ఆయన ఎదురుచూస్తున్న వియ్యంకుడు రావలసిన రోజులు ఎప్పుడో వెళ్ళిపోయాయి.