ఓదెలన్న దాచిపెట్టిన గోలీలు

అది 2022 ఎండాకాలం. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల కాలనీ పక్కన నేను మెడికల్ షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒకరోజు పొద్దున ఆ కాలనీలోనే ఉండే సారమ్మ వచ్చి దురద క్రీమ్ అడిగింది. రెండు వారాల్లో అది మూడో ట్యూబు. మొదటి రెండూ ఏమీ అడగకుండానే ఇచ్చానని ఒప్పుకోవాలి.

"మీ అన్నకు మొఖం, మెడ అంత మండుతున్నది వదినె. ఏమన్న అంటురోగమా? డ్యూటీల ఎవ్వలు పక్కన కూసుండి తింటలేరట," అంది.

ట్యూబు ఇవ్వలేదు. మనిషిని తీసుకురమ్మన్నాను.

ఆమె భర్త ఓదెలన్న ఇరవై ఆరేళ్లు భూగర్భ గనిలో పనిచేసినవాడు. మోకాళ్ల నొప్పులతో నెల కిందటే పైకి, ఓపెన్‌కాస్ట్‌కు మారాడు. అంటే నేలను తవ్వి ఆకాశం కిందే బొగ్గు తీసే గని. ఆయన ముఖం, చేతులు ఎర్రగా కమిలి పొట్టు లేస్తున్నాయి. గడ్డం కింద, చెవుల వెనక, గడియారం పట్టీ కింద మాత్రం చర్మం మామూలుగానే ఉంది. ఎండ తగిలిన చోటే మంట. కొన్ని మందులు వాడేవాళ్లకు ఎండ పడితే చర్మం ఇలా అవుతుంది. దాన్ని ఫోటోసెన్సిటివిటీ అంటారు.

"రోజూ ఏమన్న గోలీలు ఏసుకుంటున్నవా అన్నా?"

"ఏం లేవు చెల్లె," అన్నాడు, భార్య వైపు చూస్తూ.

సారమ్మను లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఆయన్ని షాపు పక్కకు తీసుకెళ్లాను. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చొక్కా జేబులోంచి మడత పెట్టిన స్ట్రిప్పు తీశాడు. డిప్రెషన్ మందు. ఇరవై ఏళ్లకు పైగా తనతో కలిసి గనిలోకి దిగిన దోస్తు జబ్బుతో పోయినప్పటి నుంచి, రెండేళ్లుగా వాడుతున్నాడు. ఇక్కడైతే తెలిసిపోతుందని మంచిర్యాలలో డాక్టరుకు చూపించుకుని, మందు కూడా అక్కడే కొంటున్నాడు.

"పిచ్చిగోలీలు తింటున్నడంటరు. సారమ్మకు చెప్తె ఫికర్ పడ్తది. గివి బంద్ పెడ్తె మంట పోతదా చెల్లె?"

"నీ అంతట నువ్వు బంద్ పెట్టకు. ఒక్కసారి ఆపితె పానం ఇంకా ఖరాబైతది. మార్చాల్నా, తగ్గియ్యాల్నా డాక్టరే చెప్పాలె."

"గనిల ఉన్నన్ని రోజులు ఏం గాలేదు గదా?"

"ఆడ ఎండ యాడిది అన్నా?"

ఆయన తెల్లబోయి, ఆపైన నవ్వాడు.

మందు పేరు, పైకి మారిన సంగతి, మంట ఎక్కడుందో, ఎక్కడ లేదో ఒక కాగితం మీద రాసి, ఆ డాక్టరుకు చూపించమని ఇచ్చాను. సారమ్మకు నేను చెప్పలేదు. ఓదెలన్నే లోపలికి వెళ్లి చెప్పాడు.

"రెండేండ్లు ఒక్కనివే మోసినవా?" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. "పా, నేను గూడ వస్త మంచిర్యాలకు."

డాక్టర్ మెల్లమెల్లగా మందు మార్చాడు. నిండు చేతుల చొక్కా, మెడ చుట్టూ తువ్వాల వేసుకుని, సన్‌స్క్రీన్ రాసుకోమన్నాడు. నెలన్నరకు ముఖం తేటపడింది. "గిది ఎవరు రాసిండ్రు?" అని డాక్టర్ నా కాగితం దాచుకున్నాడట. ఆ మాట విన్న రోజు ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాను.

వానలు మొదలయ్యాక ఓదెలన్న ఇంకో కార్మికుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. షాపు నిండా జనం. ఆయన గొంతు తగ్గించలేదు.

"చెల్లె, ఈయనకు మనసు బాగుంటలేదు, నిద్ర పడ్తలేదు. నాకు గిట్లనే ఉండె, గోలీలతోని మంచిగైంది. రేపు డాక్టర్ దగ్గరికి నేనే తోల్కపోతున్న."

ఇప్పుడు ఎవరు క్రీమ్ అడిగినా, ముందు పక్కకు పిలిచి ఇంకేం మందులు వాడుతున్నారని అడుగుతాను. లేవంటే కాసేపు ఆగి, ఇంకోసారి అడుగుతాను.