నూకయ్య చూసిన లీవరు సినిమా

నూకయ్య మొదటిసారి మా బడికి వచ్చినప్పుడు, నిజం చెప్పొద్దూ, నేను హడలిపోయాను. 1971 డిసెంబరు మొదటి వారం. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. గుమ్మం నిండా ఓ మనిషి వచ్చి నిలబడ్డాడు. రైల్వే వర్క్‌షాపు నూనె మరకల నీలం చొక్కా, చేతిలో టిఫిను క్యారేజీ. నమస్కారం లేదు, పాడూ లేదు.

"పంతులమ్మగారూ, మా గుంట సెయ్యి కట్టేసినారట. ఏటి, అదేటైనా దొంగతనం సేసినాదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ గుంట చిలకమ్మ, అతని మనవరాలు. ఆ జూన్‌లోనే మా బడిలో చేరింది. ఎడం చేత్తో రాస్తుంది, ఎడం చేత్తో పలక అందిస్తుంది. దసరాల్లో సరస్వతీ పూజనాడు ప్రసాదానికి ఎడం చెయ్యి చాపితే నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని దాని జడ రిబ్బను విప్పి, దాంతోనే ఎడం మణికట్టును బల్ల కోడుకి కట్టాను. నా బడిలో అది కొత్తేమీ కాదు. ఒకటో తరగతి నుంచీ మిగతా పిల్లలందరికీ నేనే పంతులమ్మని, ఎడంచేతి వాటం ఉన్నవాళ్ళని అలాగే దారిలో పెట్టాను. చెడగొట్టానని ఎవరూ అనలేదు.

"ఎడం చేత్తో రాస్తే నలుగురూ నవ్వరూ?" అన్నాను.

"నవ్వనేదు" అన్నాడు నూకయ్య. "సినిమాలో హీరో ఎడం సేత్తోనే రాసినాడు. ఎడం సేత్తోనే బువ్వ తిన్నాడు. ఆకర్ని ఎడం సేత్తోనే లీవరు లాగి రైలుని కాసినాడు. ఎవులూ నవ్వనేదు."

ముప్పైమంది పిల్లలూ ఎక్కం ఆపేసి గొల్లుమన్నారు. బడికొచ్చి సినిమా హీరోని సాక్ష్యం తెచ్చే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు వాళ్ళందరికీ నూకయ్య తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న ఖలాసీగా వచ్చి రైల్వేలో కుదురుకున్నాడు. నూకయ్య కమ్మరిషాపులో సమ్మెట మనిషి. పుట్టు ఎడంచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ళమ్మ అట్లకాడ కాల్చి ఆ చేతి మీద పెట్టిందట, మచ్చ అలాగే ఉంది. పెళ్ళిలో అక్షింతలు ఎడం చేత్తో తీశాడని పురోహితుడు చేతిమీద ఒక్కటేస్తే, పెళ్ళికూతురు దాలమ్మ కిసుక్కున నవ్విందట. ఇంట్లో, వీధిలో ఆ చెయ్యి తప్పుడు చెయ్యి. షాపులో మాత్రం దానికి రాజభోగం. మూలన ఇరుక్కున్న రివిటు కొట్టాలంటే కుడిచేతి వాళ్ళకి సమ్మెట తిరగదు. "ఎడమోణ్ణి పిలు!" అని మిస్త్రీ కేక వేసేవాడు. అప్పుడు నూకయ్య ఛాతీ విరుచుకుని వెళ్ళేవాడు.

ఇక సినిమాల పిచ్చి. అందరికీ ఉండే పిచ్చి అయితే నేనిదంతా చెప్పను. నూకయ్యకి ఆడిన సినిమా గిట్టదు. గోల్ బజార్‌లో జనం చొక్కాలు చించుకునే సినిమా గురించి అడిగితే "అందులో ఏటున్నాది? ముందే తెలిసిపోనాది" అని పెదవి విరిచేవాడు. కలకత్తాలో మూడు రోజులాడి డబ్బాలో పడ్డ సినిమాలన్నీ మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానానికి వచ్చేవి. అవే అతని ప్రాణం. ఒక సినిమాలో స్టేషన్లో ఓ ముసలాయన రైలు కోసం ఎదురు చూస్తాడు. మూడు గంటలు చూసినా రైలు రాదు, సినిమా అయిపోతుంది. రైల్వే ఊళ్ళో ఆ సినిమా వేస్తే ఏమవుతుంది? జనం ఇటుకలు విసిరారు. నూకయ్య మాత్రం తెల్లబోయిన మొహంతో మర్నాడు షాపంతా తిరిగాడట. "రైలు రానేదురా! బాబోయ్, రైలే రానేదు! నానింకా ఆ పేటుఫారం మీదే ఉన్నాను!" అని.

మరో దాంట్లో హీరో సగంలోనే చచ్చిపోతాడు. "ఓలమ్మో, సగంలో సచ్చిపోనాడు! మిగతా సగం నానెవుల్ని సూడాల?" అని గుండె బాదుకుంటూనే ఆ సినిమాని ఆకాశానికెత్తేవాడు. అతని సూత్రం ఒకటే. జనం మధ్యలో లేచిపోయారంటే, అది మంచి సినిమా.

ఆ లెక్కన అన్నిటికన్నా గొప్పది లీవరు సినిమా. అసలు పేరేదో ఉంది, నూకయ్య పెట్టిన పేరు ఇది. బెంగాలీ బొమ్మ. పాటల్లేవు, హీరోయిన్ లేదు, మాటలు కూడా పది పన్నెండుకు మించవు. కేబిన్లో సిగ్నలు లీవర్లు లాగే ఓ రైల్వే మనిషి కథ. 1957లో ఒక్క రాత్రి ఇన్‌స్టిట్యూట్ మైదానంలో వేశారు. ఆ రోజు నేనూ వెళ్ళాను, నాకప్పుడు పదహారేళ్ళు. మా నాన్నగారు వరాహనరసింహం గారు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, ముందు వరసలో మెంబర్ల కుర్చీ మాది. సగం కాకముందే "ఇదేం సినిమా, నా శ్రాద్ధం!" అని ఆయన లేచారు, మేమూ లేచాం. మాతో సగం మైదానం లేచింది. అందుకే హీరో ఏ చేత్తో తిన్నాడో, ఏ చేత్తో రాశాడో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు, ఒక్క నూకయ్యకి తప్ప. పద్నాలుగేళ్ళుగా కనపడ్డ ప్రతి వాడికీ ఆ ఎడం చేతి కథే చెప్పాడు. ఆ రోజు బడి గుమ్మంలో నాకూ అదే మొదలుపెట్టాడు.

"ఉత్తరం రాసినాడమ్మా, ఎంత సేపు సూపినాడో! కలం కుడి నించి ఎడమకి పోనాది. ఉర్దూ గావాల."

"బెంగాలీ కేబిన్ మనిషి ఉర్దూలో ఎందుకు రాస్తాడయ్యా?"

"ఏటి, బెంగాలీవోడు ఉర్దూ నేర్సుకోకూడదేటి?"

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారే, అదీ వరస. నేను విసిగిపోయి, "ఆ సినిమా నాకు చూపించు, అప్పుడు వదిలేస్తాను" అనేశాను. చచ్చిన సినిమా ఎక్కడి నుంచి తెస్తాడులే అని నా ధీమా.

నెల తిరక్కుండా మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఈసారి నవ్వుతున్నాడు. మలంచా పేటలో బెంగాలీ కుర్రాళ్ళు సినిమా క్లబ్బు పెట్టారట. మరుగున పడ్డ సినిమాలు తెప్పించి వేస్తారట. వచ్చే శనివారం ఇన్‌స్టిట్యూట్ మైదానంలో లీవరు సినిమా! నా ధీమా ఎగిరిపోయింది. అయినా మాట ఇచ్చాక వెనక్కి పోవడం మా ఇంటావంటా లేదు.

"హీరోది ఎడం చెయ్యయితే ఈ పిల్ల జోలికి మళ్ళీ రాను. కుడి చెయ్యయితే సోమవారం నువ్వే వచ్చి, నీ చేత్తో దాని చెయ్యి కట్టాలి. సరేనా?"

"ఠీక్ హై!" అన్నాడు నూకయ్య, ఒక్క క్షణం ఆలోచించకుండా. చిలకమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

శనివారం చీకటి పడుతూనే వెళ్ళాం. మైదానం మధ్య రెండు వెదుళ్ళకి తెల్లగుడ్డ కట్టారు. నూకయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. నాన్నగారి కుర్చీలో అతణ్ణి కూర్చోబెట్టాను. ముందు వరస కుర్చీలో కూర్చోవడం జన్మలో అదే మొదలట, అంచున కూర్చున్నాడు. చిలకమ్మ మా ఇద్దరి మధ్యా. రిబ్బను దాని గుప్పిట్లోనే ఉంది.

బొమ్మ మొదలైంది. పది నిమిషాల్లో హీరో కేబిన్లో కూర్చుని అన్నం గిన్నె విప్పాడు.

కుడి చేత్తో తిన్నాడు.

నూకయ్య ముందుకు వంగాడు. "ఇది ఏరే సినిమా" అన్నాడు. మళ్ళీ తనే, "కాదు, ఆ మడిసే. దవడ మీద మచ్చ ఉన్నాది. కానీ ఆ మచ్చ ఇటేపు కదా ఉండాల! అటెలా పోనాది?"

తరవాత ఉత్తరం. కలం కుడి చేతిలో ఉంది. ఎడమ నుంచి కుడికి శుభ్రంగా బెంగాలీ రాసుకుపోయింది. నూకయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "మార్సేసినారు! ఓరి నాయనో, సినిమాని మార్సేసినారు!"

"చుప్ కొరున్ దాదా!" అని వెనక నుంచి అరిచారు. నేను అతని మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ మొహం చూస్తే నాకే భయం వేసింది. ఇంటికొచ్చేసరికి ఇల్లు లేకపోతే మనిషి మొహం అలాగే ఉంటుంది.

"నూకయ్యా, అప్పుడు నువ్వెక్కడ కూర్చుని చూశావు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఎనకాతల. డూటీ దిగి వొచ్చేతలికి మొదలైపోనాది, ఇటు సోటు నేదు. గుడ్డ కదా, అటునించీ బొమ్మ అవుపడతాది. అటే సూసినాను."

తెర వెనక! కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. పద్నాలుగేళ్ళు. అట్లకాడ మచ్చ ఉన్న మనిషి పద్నాలుగేళ్ళు గుండెల్లో పెట్టుకున్న హీరో, గుడ్డ వెనక తిరగబడిన బొమ్మ.

ఆ మాట వెంటనే చెప్పానా? లేదు. పందెం నాది. గెలిచాను. ఆ గెలుపు నాకు తియ్యగానే ఉంది, దాచడం ఎందుకు? అప్పుడు చీకట్లో నా ఒళ్ళో ఏదో పడింది. చూస్తే చిలకమ్మ ఎడం చెయ్యి. రిబ్బను కూడా తనే దాని మీద పెట్టి, కట్టమన్నట్టు ఇచ్చింది. ఏడవలేదు. తాతయ్య ఓడిపోయాడని దానికి అర్థమైపోయింది, అంతే. మణికట్టు చుట్టూ నేను బిగించిన చోట చర్మం కమిలి నల్లగా చార కట్టి ఉంది. దాన్ని నేనంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. ఛీ, ఇదేనా నేను చేసిన పని అనిపించింది.

"లే" అన్నాను. ఇద్దర్నీ చెరో చెయ్యీ పట్టి లాక్కుపోయాను. కుర్చీలు దాటి, గోనెలు పరుచుకున్న వాళ్ళని దాటి, తెర వెనక్కి. అక్కడ మంచుకి తడిసిన గడ్డి, నలుగురైదుగురు మనుషులు, అంతే. అప్పటికి ఆఖరి ఘట్టం వచ్చేసింది. తెర నిండా ఒకే ఒక పిడికిలి. లీవరు మీద బిగుసుకుని, నరాలు పొంగి.

"తాతా! ఎడం సెయ్యి!" అని కేక పెట్టింది చిలకమ్మ.

నూకయ్య తెర అంచు దగ్గరికి నడిచాడు. తల అటు పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. ఆ తర్వాత తడి గడ్డి మీద చతికిలబడ్డాడు.

"పద్నాలుగేళ్ళు ఊరందరికీ అబద్దం సెప్పినానా, పంతులమ్మా?"

"నువ్వు చూసిందే చెప్పావయ్యా."

"మాట మాటే. తే రిబ్బను, నానే కట్టేత్తాను. సోమారం దాకా ఎందుకు?" అని మనవరాలి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. కాలిన మచ్చ ఉన్న చేతిలో కమిలిన చెయ్యి. నాకు దుఃఖం ఆగలేదు. రిబ్బను అతనికివ్వకుండా, పిల్లని వెనక్కి తిప్పి, ఊడిపోయిన దాని జడకి కట్టేశాను. రిబ్బను ఉండాల్సిన చోటు అదేనని నాకు అప్పటికి తెలిసింది.

రైలు క్షేమంగా దాటిపోయింది, బొమ్మ అయిపోయింది, జనం లేస్తున్నారు. అప్పుడు నూకయ్య మొహం తుడుచుకుని తన అభిప్రాయం చెప్పాడు. "తీసినోడికి తెలీనేదు గానీ పంతులమ్మా, ఈ సినిమా ఇటునించే సరిగ్గా ఉన్నాది." ఏడుస్తూనే నవ్వాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా మైదానంలో ఏ సినిమా వేసినా సగం ముందు నుంచి, సగం వెనక నుంచి చూసేవాడు. ఒక వైపే చూసి సినిమా గురించి మాట్లాడే వాళ్ళని లెక్కచేసేవాడు కాదు.

సోమవారం బడికి వెళ్ళాను. హాజరు వేశాక పుస్తకం మూసి, రెండున్నరేళ్ళుగా నా చేతికింద ఉన్న పిల్లల్ని అడిగాను.

"ఎడం చేత్తో రాయాలనిపించే వాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఏమీ అనను."

చిలకమ్మ ఎడం చెయ్యి ఎత్తింది. అది చూసి వెనక వరసలో ఒకటి, కిటికీ దగ్గర ఒకటి, నా బల్లకి ఎదురుగా ఒకటి లేచాయి.

ఆ మూడూ, నేను అలవాటు చేసిన కుడి చేతులే.