నేను కల్పించిన కొమురమ్మ

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. హాస్టల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే మధ్యలో దూరి, ఎక్కడ జరిగింది, నువ్వు చూశావా అని అడిగి చెడగొట్టేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్పేదాన్ని కూడా ఎవరైనా అలా చెడగొడితే బాగుండునని ఉంటుంది. ఇది చీకట్లో జరగలేదు. పట్టపగలు, వరంగల్ మిర్చి మార్కెట్లో, అంత జనం మధ్య జరిగింది.

అప్పుడు నేను యూనివర్సిటీలో కమ్యూనికేషన్ టెక్నాలజీ, యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్ చదువుతున్నాను. ఫోన్లో బటన్ ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి, నొక్కినవాడికి ఏం తెలియాలి అనే చదువు అది. బటన్లు పెట్టడానికి కూడా చదువా అని మా బాపు నవ్వాడు. నాకూ లోలోపల అలాగే ఉండేది. అది ఎంత గొప్ప చదువో లావణ్యను చూశాకే తెలిసింది.

లావణ్య, నేను కలిసి ప్రాజెక్టు చేశాం. హన్మకొండలో వాళ్లది కిరాణా దుకాణం. చిన్నప్పటి నుంచి గల్లా పక్కన కూర్చున్న పిల్ల. వచ్చినవాళ్లు నోరు తెరవకముందే వాళ్ల కళ్లు ఏ అర మీదికి పోతున్నాయో చూసేది. మేమంతా పుస్తకాల్లో వెతుక్కున్నది ఆమెకు చూపులోనే ఉండేది. ఆ సంగతి ఆమెతో ఎన్నడూ అనలేదు.

మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతుకు తన బస్తాలు ఎంత ధర పలికాయో చెప్పే యాప్ మా ప్రాజెక్టు. చదవడం రానివాళ్లకు అది గొంతుతో చెప్పాలి. బాగా కుదిరితే మార్కెట్లో కొన్నాళ్లు వాడి చూస్తామని అక్కడివాళ్లు మాట ఇచ్చారు. లావణ్యకు పగలూ రాత్రీ అదే ధ్యాస.

ముందు రైతులతో మాట్లాడాలి. విన్న అలవాట్లన్నీ కలిపి ఒక మనిషిగా రాసుకుంటాం. ఆ ఊహా మనిషిని పర్సోనా అంటారు. మనిషి ఊహే అయినా, ప్రతి అలవాటూ నిజంగా చూసిందే అయి ఉండాలి. రైతులతో మాట్లాడే పని నాది, స్క్రీన్లు గీసే పని లావణ్యది.

నేను వెళ్లాను. మిర్చి ఘాటుకు కళ్లు మండి, తుమ్ములు ఆగక, ఎవరినీ పలకరించకుండానే తిరిగొచ్చాను. హాస్టల్లో టీ తాగుతూ ఒక మనిషిని కల్పించాను. పేరు కొమురమ్మ. పాలకుర్తి దిక్కు పల్లె. ఫోన్‌ను పసుపుపచ్చ దస్తీ గుడ్డలో మూటకట్టి రొంటిన దోపుకుంటుంది. వేలి కొనకు మిర్చి కారం అంటి ఉంటుంది కాబట్టి, వేలు మడిచి కణుపుతో స్క్రీన్ నొక్కుతుంది. మార్కెట్లో నిజంగా అలాంటి ఒకామెతో మాట్లాడానని, పర్సోనాకు ఆమె పేరే పెట్టానని లావణ్యకు చెప్పాను.

ఆ కణుపు సంగతి చదివి లావణ్య మెరిసే కళ్లతో నన్ను చూసింది. "ఎంత మంచిగ చూసినవ్ శ్రీకాంత్. నాకైతే తట్టకపోవు" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె అప్పటిదాకా గీసిన స్క్రీన్లన్నీ పక్కన పెట్టి, కణుపుకు అందేలా పెద్ద బటన్లతో మళ్లీ మొదటి నుంచి గీసింది. లేని మనిషి కోసం వారాల తరబడి కష్టపడింది.

యాప్‌ను రైతుల చేత వాడించి చూసే రోజు వచ్చింది. కొమురమ్మను పిలిచావా అని లావణ్య దారి పొడుగునా అడిగింది. ఈసారి రాదేమో అన్నాను. మార్కెట్లో ఒక రేకుల షెడ్డు కింద నీడ చూసుకుని కూర్చున్నాం. ఇక దాచలేననిపించి, నిజం చెబుదామని లావణ్య వైపు తిరిగాను.

అప్పుడే ఒక ముసలామె వచ్చి మా ముందు కూర్చుంది. రొంటి నుంచి పసుపుపచ్చ దస్తీ మూట తీసి, విప్పి, అందులోని తన ఫోన్‌ను పక్కన పెట్టింది. మేమిచ్చిన ఫోన్ అందుకుంది. వేలు మడిచి కణుపుతో నొక్కింది.

"కొమురమ్మవేనా అవ్వా?" అని లావణ్య అడిగింది.

"అవు బిడ్డా."

వాడేవాళ్లకు సాయం చేయకూడదు, నోరు మెదపకూడదు అనేది మా చదువులో నియమం. ఆ రోజు నాకు ఆ నియమం అవసరం లేకపోయింది.

ధర చెప్పే బటన్ నొక్కే ముందు ఆమె ఆగింది. అటూ ఇటూ కుప్పల దగ్గర ఉన్నవాళ్లను చూసింది. ఫోన్‌ను చెవికి ఆనించుకుని, రెండో చేయి అడ్డం పెట్టుకుని, అప్పుడు నొక్కింది. గొంతు మాత్రం స్పీకర్లోంచి అందరికీ వినపడింది. ఆమె ముఖం ముడుచుకుంది. లావణ్యకు అర్థమైందని నాకు తెలిసింది. తన ధర పక్కవాళ్లకు వినపడటం ఆ అవ్వకు ఇష్టం లేదు.

లేచేటప్పుడు ఆమె నా వైపు చూసింది. "ఆ దినం జర ఆగితే నేనే చెప్తుంటి గద బిడ్డా. తుమ్ముకుంట ఉరికితివి" అంది. దస్తీ ముడి వేసుకుని బస్తాల మధ్యకు వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో లావణ్యకు అంతా చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. "నువ్వు అప్పుడు అబద్ధం చెప్పినవో, ఇప్పుడు చెప్తున్నవో నాకు తెల్వది. ఆమె మాత్రం వచ్చింది" అంది.

మరునాడు ఇద్దరం వెళ్లి ప్రాజెక్టు చూసే మా మేడమ్‌కు చెప్పాం. నాకు మార్కులు తగ్గాయి, తగ్గాల్సిందే. లావణ్య నన్ను వదిలేసి వేరే జోడీ అడగవచ్చు, అడగలేదు. మిర్చి కుప్పల మధ్య నాతో పాటు కూర్చుని రైతులతో మొదటి నుంచి మాట్లాడింది. గొంతు చెవిలోనే వినపడేలా యాప్ మార్చింది. మార్కెట్‌వాళ్లు వాడి చూసింది ఆ మార్చిన యాప్‌నే. అలాంటి మనిషితో కలిసి చదువుకోవడం నా అదృష్టం.

కొమురమ్మ కోసం అడగని చోటు లేదు. ఆ పేరున్నవాళ్లు చాలామంది దొరికారు, ఆమె దొరకలేదు. ఎవరో ఆటపట్టించారనుకుందామా, మేం ఏ షెడ్డు కింద కూర్చుంటామో మాకే తెలియదు. యాప్ వాడించి చూసేటప్పుడు స్క్రీన్‌నే వీడియో తీస్తాం కాబట్టి ఆమె ముఖం అందులో లేదు. చేతులున్నాయి, దస్తీ ఉంది, కణుపు ఉంది.

ఆ దస్తీ, ఆ కణుపు నా తలలోంచే వచ్చాయి, అది ఒప్పుకుంటాను. ఫోన్ చెవికి ఆనించుకుని చేయి అడ్డం పెట్టుకోవడం మాత్రం నేను రాయలేదు. అది ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.