జర జరుగుండ్లి

మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. బాపు, అక్క, నేను, గుంటలాయన. అమ్మ నన్ను కన్న పదో రోజునే పోయింది కాబట్టి ఆమెను కలుపుకుని చెప్పడం నాకు అలవాటు కాలేదు. గుంటలాయన సంగతి బాపుకు తెలియదు. ఆయనను పుట్టించింది అక్క, నా కోసం.

వరంగల్‌లో మాది నేతవాళ్ళ వాడ. ఇంటి ముందుగదిలో నేల తవ్వి, ఆ గుంట మీద మగ్గం బిగించుకునేవాళ్ళం. బాపు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి చెక్కలు తొక్కుతుంటే పైన బట్ట సాగేది. ఆ గుంట అంటే నాకు చచ్చేంత భయం. ఒకసారి అందులో తేలు కనబడింది. ఆ తర్వాత నూలు చుట్టిన కండె జారిపడితే తెమ్మన్నా నేను దిగేదాన్ని కాదు. ఒకనాడు అక్క రాట్నం తిప్పడం ఆపకుండానే, "అండ్ల ఒకాయన ఉంటడే. నీకంటే ఎక్కువ భయం ఆయనకు" అంది.

అలా మొదలయ్యాడు. బొటనవేలంత మనిషి. బాపు అన్నానికి లేచినప్పుడు పైకి వచ్చి, తెగిన పోగులకు బూడిద అద్ది మెలేసి అతుకుతాడు. బల్లి అరిస్తే చెక్క కింద దాక్కుంటాడు. వానాకాలం గుంటలో నీళ్ళూరితే, పడుగు మధ్య అటూ ఇటూ పోగును మోసే నాడె ఎక్కి పడవలో కూర్చున్నట్టు కూర్చుంటాడు. నడిచేటప్పుడు కాళ్ళ కింద చీమలు కనబడితే చేతులు జోడించి, "జర జరుగుండ్లి అవ్వలాల" అంటాడు. అవి జరిగేదాకా ఒంటికాలి మీద నిలబడతాడు. చీమలు ఆలస్యం చేస్తే ఆయన పోవలసిన చోటికి పోనే పోడు.

అక్క కూడా అంతే. 'జర' లేకుండా ఆమె నోట మాట వచ్చేది కాదు. జర నీళ్ళియ్యి, జర పక్కకు జరుగు, జర ఆగు. నల్లా దగ్గర తన బిందెను కాలితో నెట్టేసిన ఆమెతో కూడా "జర చూస్కో అత్తా" అనేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని వాడకట్టు ఆడవాళ్ళు ఆమెను చూపించి నాకు చెప్పేవారు, నాది ఆ నోరు కాదు కనుక. నాకు ఇప్పటికీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారే, గుంటలాయన విషయంలో నాకు అచ్చం అదే.

"చీమలే గదనే అక్కా, తొక్కుకుంట పోతే ఏమైతది?" అనేదాన్ని.

"అవిటికి నొస్తది" అనేది అక్క.

అక్క హన్మకొండ కాలేజీలో చేరిన రెండో ఏడు, ఎండాకాలం సెలవుల్లో కాలేజీ పిల్లలు కొందరు ఊళ్ళు చూడటానికి బయలుదేరారు. జనం ఎట్లా బతుకుతున్నారో తెలుసుకుంటామన్నారు. అక్క ములుగు దారిలో ఒక ఊరికి పోయింది. బాపు వద్దనలేదు. పదిహేను రోజులకు నల్లబడి, పాదాలు పగిలి తిరిగి వచ్చింది. అన్నం తిని రాట్నం ముందు కూర్చోగానే నేను పక్కన చేరాను.

"ఇయ్యాల ఆయన గుంట ఎక్కిండు" అంది.

అప్పటిదాకా గుంటలాయన మా ఇల్లు దాటలేదు. ఇప్పుడు చాలా దూరం నడిచి ఒక ఊరు చేరాడట. అక్కడ దొర గడి ముందు ఒక ఆడమనిషిని ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారట. బిడ్డకు జ్వరమొచ్చి దొర పొలంలో పనికి పోలేదు, అదీ ఆమె చేసిన తప్పు. ఆ దారిన పోయేవాళ్ళంతా చెప్పులు చేతిలో పట్టుకుని, తల వంచుకుని పోతున్నారట.

"చెప్పులు ఎందుకు పట్టుకున్నరు?"

"దొర ఇంటి ముంగట తొడుక్కోవద్దు."

"గుంటలాయన ఏమన్నడు?"

"ఏమనలే. ఊకె నిలబడి చూసిండు."

రాట్నం ఆగిపోయింది. కథ చెబుతూ అక్క చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదలు. అది కథ కాదని నాకు తోచలేదు.

ఆ తర్వాత నెల రోజుల్లో గుంటలాయన మారిపోయాడు. బాపు కంటే, వాడకట్టు కంటే ముందు ఆ మార్పు తెలిసింది నాకే. ఒక మధ్యాహ్నం ఆయన చీమలతో ఉత్త "జరుగుండ్లి" అన్నాడు. "జర అనలేదక్కా" అని నేను అడ్డుపడితే, "యాది మరిచిండు" అంది అక్క. మరోనాడు బల్లి అరిచినా దాక్కోలేదు. ఇంకోనాడు నాడెకు రెండు కొసలా ఉండే ఇనుప మొనలను రాతి మీద నూరి భుజాన వేసుకున్నాడు. ఆ రోజు చీమలకు చెప్పింది ఒక్క మాటే. "జరుగు."

అదే వారంలో అక్క బాపుతో "నీళ్ళియ్యి" అంది. బాపు తలెత్తి ఆమె ముఖం చూసి, చెంబు అందించాడు. నాకు భయమేసింది. అయినా ఉన్నమాట చెప్పాలి, భయం కంటే నాకు సంబరమే ఎక్కువ. ఇన్నేళ్ళకు మా గుంటలాయన మొనగాడవుతున్నాడని మురిసిపోయాను.

అక్క చివరిసారి చెప్పిన కథలో ఆయన నాడె చేతబట్టి గడి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది. లోపల దొర ఊయలబల్ల మీద ఊగుతున్నాడు.

"మల్ల?" అన్నాను.

"మల్ల ఏమైతదో నాకే తెలుస్తలేదు చెల్లె. జర ఆగు, ఆలోచన చేస్తాన."

ఆ 'జర' నా చెవిన పడలేదు. అక్క చెప్పే కథంతా నేను బడి నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. ఏ పేజీ మొదలుపెట్టినా పైన తారీకు వేయాలని మా పంతులమ్మ నేర్పింది. ఆ పేజీకీ తారీకు వేశాను. అక్క ఆలోచన తెగేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ముగింపు నేనే రాశాను. గుంటలాయన లోపలికి పోయాడు. "జరుగు" అన్నాడు. దొర జరగలేదు. నాడెతో దొర గొంతులో పొడిచాడు. రక్తం ఎంత దూరం పారిందో కూడా రాశాను. వాకిలి దాటి, చెప్పులు చేతబట్టుకున్న వాళ్ళ కాళ్ళ దాకా పారింది. రెండుసార్లు చదువుకుని పుస్తకం మూశాను.

ఎనిమిది రోజుల తర్వాత ఆ ఊరి దొరను నిజంగానే ఎవరో గొంతులో పొడిచి చంపారు.

మర్నాడు పొద్దున మా వాడలోకి పోలీసు జీపు వచ్చింది. అక్క అప్పటికే పరీక్ష రాయడానికి హన్మకొండ పోయింది. ఎండాకాలంలో ఆ ఊరికి పోయిన పిల్లలందరి ఇళ్ళకూ పోలీసులు పోయారని తర్వాత తెలిసింది. మా ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టర్ మొదట మర్యాదగానే ఉన్నాడు. మంచినీళ్ళడిగి తాగాడు. అమ్మాయి పుస్తకాలు చూస్తానన్నాడు. అక్క పుస్తకాల కింద నా నోట్‌బుక్కు ఉంది. నిలబడే తిరగేశాడు. చివరి పేజీ దగ్గర ఆగి, పైన తారీకు చూసి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆ తర్వాత ఆయన ముఖంలో మర్యాద లేదు.

"ఈ గుంటలాయన ఎవడు?" అని బాపును అడిగాడు.

"నాకు తెల్వదు సార్."

"నీ ఇంట్లనే ఉంటడని రాసున్నది."

"నా ఇంట్ల నేను, నా ఇద్దరు బిడ్డలే సార్."

ఇన్‌స్పెక్టర్ పీట లాక్కుని నా ముందు కూర్చున్నాడు. "పాపా, ఇది నువ్వే రాసినవా?"

తలూపాను.

"ఎవరు చెప్పిన్లు?"

"మా అక్క."

చివరి పేజీ మీద వేలు పెట్టాడు. "ఇది గూడనా?"

ఆ వేలు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పాన్ తినేవాళ్ళకు ఉన్నట్టు గోరు సందున సున్నం ఉంది. ఆ ఒక్క పేజీ నాదని నాకు తెలుసు. దొరను చంపినవాళ్ళ కోసం వచ్చారనీ తెలుసు, గుమ్మం దగ్గర కానిస్టేబుళ్ళు అనుకుంటుంటే విన్నాను. చంపించింది నేనని చెబితే నన్ను జీపులో ఎక్కించుకుని పోతారు. నా బుద్ధికి అంతే తోచింది.

"అక్కనే చెప్పింది" అన్నాను.

పదేళ్ళ పిల్లకు ఏం తెలుసని మీరు అనవచ్చు. ఆ మాటతో నన్ను నేను ఓదార్చుకోవడం నాకు అసహ్యం. అబద్ధమని తెలిసే చెప్పాను.

మగ్గం మీద సగం నేసిన పంచె ఉంది. పడుగు పోగులన్నీ కోసేసి, చెక్కలు పీకి, గడ్డపారలతో గుంటను నిలువు లోతు తవ్వారు. చీమలు తప్ప ఏమీ బయటపడలేదు. బాపును తీసుకుపోయారు. మూడో రోజు ఇద్దరు మనుషులు పట్టుకుని తెచ్చి గుమ్మంలో దించారు. గుంటలాయన ఎవడని అడుగుతూ అరికాళ్ళ మీద కొట్టారట. నెల రోజులు ఆ కాళ్ళు చెక్క తొక్కలేదు. నేను పసుపు వేడి చేసి పట్టు వేస్తుంటే బాపు నన్ను ఒక్క మాట అడగలేదు. కానీ మా వాడలో ఎవరు వచ్చినా వాళ్ళ ముఖం కేసి అనుమానంగా చూసేవాడు, వీడేనా ఆయన అన్నట్టు.

అక్క ఇంటికి రాలేదు. వాడ మొదట్లోనే ఎవరో చెప్పి వెనక్కి పంపారట. ఆమెతో ఆ ఊరికి పోయిన మిగతా పిల్లలను పిలిచి, అడిగి, వారంలోపే వదిలేశారు. వాళ్ళలో ఒకామె తర్వాత మా బడికే సైన్సు చెప్పడానికి వచ్చింది. ఆమె క్లాసులో నేను తలెత్తేదాన్ని కాదు. అక్క కూడా ఆ వారం ఇంటికి వచ్చి ఉండవలసిన మనిషే. ఆమె మీద మాత్రం కేసు రాశారు. సాక్ష్యం కాగితం మీద ఉంది కదా, తారీకుతో సహా.

తర్వాత అక్క అడవిలో ఉందన్నారు. తుపాకీ పట్టిందన్నారు. ఎనభైలు వచ్చేసరికి ఆమె గురించి వాడకట్టు గొంతు తగ్గించి మాట్లాడేది, మా ఇంట్లో నిప్పు అడగడానికి కూడా జంకేది. నేను ఏదీ నమ్మలేదు. చీమలకు దారిచ్చే మనిషి మీద ఎన్నైనా చెబుతారు అనుకున్నాను.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, చుట్టాల ఇంట్లో పెళ్ళికి పోయి నెక్కొండ స్టేషన్‌లో వరంగల్ బండి కోసం నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. మిరపకాయల మూటలతో కూలీ ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. వెనక నుంచి ఒక గొంతు "జరుగు" అంది. జరిగాను. జరిగిన తర్వాతే ఆ గొంతు ఎవరిదో తెలిసింది.

మూట దించి నా పక్కన నిలబడింది. చెంప ఎముకలు తేలాయి. కళ్ళు నా మీద నిలవకుండా ప్లాట్‌ఫారం ఆ కొసా ఈ కొసా చూస్తున్నాయి.

"బాపు కాళ్ళెట్లున్నయ్?"

"నడుస్తాండు." అంతకంటే ఆగలేకపోయాను. "అక్కా, ఆ చివరి పేజీ నువ్వే చెప్పినవని చెప్పిన."

"తెలుసు. కేసుల ఉన్నది."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు జర ఆగుతే అయిపోతుండె చెల్లె" అంది. "గడి తలుపు కాడ్నుంచే ఆయనను వాపస్ తెద్దామనుకున్న."

"గుంటలకా?"

"ఇంకెక్కడికి? చీమలు తొవ్వ చూస్తాంటయి గదా."

"ఇప్పుడు తీస్కరారాదే అక్కా."

బండి కూత వినబడింది. అక్క మూట చేత్తో లేపింది. "ఇప్పుడు ఆయన ఆ గుంటల పట్టడు" అంది. ఆమె తిరిగినప్పుడు మూట నా మోకాలికి తగిలింది. అందులో ఉన్నవి మిరపకాయలు కావు. మోకాలు వారం రోజులు నల్లగా కమిలి ఉంది.

మరుసటి ఏడు ములుగు దవాఖానకు రమ్మని బాపుకు కబురు వచ్చింది. పోయి, శవాన్ని చూసి, సంతకం పెట్టి, వాళ్ళిచ్చిన కాగితం మడత పెట్టుకుని వచ్చాడు. అందులో అక్క పేరు ఉంది. పక్కనే 'అలియాస్ గుంటలాయన' అని ఉంది.

తెల్లారి బాపు మగ్గం దగ్గర కూర్చున్నాడు, కాళ్ళు మాత్రం లోపలికి దించలేదు.

"బిడ్డా, ఈ గుంటలాయన ఎవడే?" అన్నాడు. "గప్పుడు నా కాళ్ళు పలగ్గొట్టి అడిగిన్లు. గిప్పుడు నా బిడ్డ పేరు పక్కపొంటి రాసిన్లు. సచ్చేలోపట నాకు తెల్వాలె."

చెప్పాను. బొటనవేలంత మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టి, బూడిద, బల్లి, నాడె పడవ, చీమలు, అన్నీ చెప్పాను. చివరి పేజీ కూడా చెప్పాను.

"దొరను పొడిచింది నేను బాపు. అక్క జర ఆగుమన్నది. నేను ఆగలే."

బాపు చివరిదాకా విన్నాడు. పోనీ చిన్నపిల్లవు కదా అనలేదు. గుంటలోకి వంగి చూశాడు. లోపల చెక్క అంచు వెంట చీమలు బారుగా పోతున్నాయి.

"జర జరుగుండ్లి" అన్నాడు బాపు, మెల్లగా. అవి పోయేదాకా ఆ రెండు కాళ్ళనూ చేతులతో పైకి పట్టుకుని కూర్చున్నాడు.