మళ్ళీ ముందటిలా కావాలంటే

"మీ మేడం పోయిందమ్మా" అని నందిగామ నుంచి మేడం వాళ్ళాయన, అంకుల్ ఫోన్ చేసేసరికి, నేను జగ్గయ్యపేటలో మా ఇంట్లో కూర్చుని మేడంతోనే పోట్లాడుతున్నాను. ఆవిడ రాసిన వాక్యాలు తీసేద్దామని వాదిస్తూ మెసేజ్ టైపు చేస్తున్నాను. గుండెనొప్పట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఆ మెసేజ్ ఇక పంపలేదు.

మేడం నందిగామలో కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. క్లాసులు మానేశాక ఊరికే కూర్చోలేక, టైపు చేసుకోవడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఒక టెక్స్ట్ ఎడిటర్‌కి తెలుగులో వివరాలు రాసే పని నెత్తికెత్తుకున్నారు. అందులోకి నన్నూ లాగారు. ఏ సెట్టింగు మారిస్తే ఏమవుతుందో చెప్పాల్సిన పేజీ అది. తలా కొంత రాసి వదిలేయడంతో కలగూరగంపలా తయారైంది. ఒకే సెట్టింగు గురించి రెండుచోట్ల రెండు రకాలుగా ఉండేది. ఎడిటర్లోంచి ఎప్పుడో తీసేసినవి కూడా పేజీలో అలాగే ఉండేవి. "చచ్చినోళ్ళకి రేషన్ కార్డులున్నట్టు" అని నవ్వేవారు మేడం.

ఆదివారాలు బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఒక వాక్యం రాయగానే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి టీ కప్పులు కడిగి వచ్చేవారు. "రాసినోళ్ళకి అన్నీ అర్థమైనట్టే ఉంటయ్. కాసేపు మర్చిపోయొచ్చి చదవాలి" అనేవారు. చెంపకి చెయ్యి ఆనించుకుని పైకి చదివేవారు. ఎక్కడైనా నాలుక తడబడిందా, ఆ వాక్యం మళ్ళీ మొదటికి వచ్చినట్టే. మా ఇద్దరికీ కలిపి ఉన్న ఓపికంతా ఆవిడదే.

ప్రతి సెట్టింగు చివరా ఆవిడ ఒక వాక్యం చేర్చేవారు. "మళ్ళీ ముందటిలా కావాలంటే" అని మొదలుపెట్టి, ఏం నొక్కాలో చెప్పేవారు. పేజీ మొదట్లో ఒక్కసారి చెబితే చాలదా అని నా గోల. మాతో కలిసి రాసే మిగతావాళ్ళదీ అదే మాట.

"అందరూ పైనుంచి చదువుకుంటా వస్తారేంటే? చెడగొట్టుకున్నోళ్ళు కంగారుగా ఉంటారు. వాళ్ళ కళ్ళు ఉన్నచోటే చెప్పాలి."

"పేజీ చాంతాడవుద్ది మేడం!"

"అవనీ. చదివేది నువ్వు కాదుగా."

ఆవిడ పోయాక పేజీ నా చేతికొచ్చింది. ఆ వాక్యాలు తీసేసి త్వరగా ముగించమన్నారు మిగతావాళ్ళు. అడ్డుపడే మనిషి లేరు. అయినా నాకు చెయ్యి రాలేదు. పోనీ ఆవిడ మీద ప్రేమతో ఉంచేద్దామా అంటే, దానికి మేడమే ఒప్పుకోరు. చదివేవాళ్ళకి పనికిరానిది ఒక్క ముక్క కూడా ఉంచనిచ్చేవారు కాదు. ఎటూ తేల్చుకోలేక చాలా బాధపడ్డాను.

ఆ మధ్య అంకుల్‌ని చూసివద్దామని వెళ్ళాను. లారీ నడిపిన మనిషి, మేడం కంప్యూటర్ ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నారు. మేడం పేరిట నలభయ్యో రోజు చేయించే ఫాతెహా ప్రార్థనకి పిలవాల్సినవాళ్ళ పేర్లు టైపు చేస్తుంటే అక్షరాలు చీమలంత అయిపోయాయట.

"ఏం నొక్కానో ఏమోనమ్మా. తనైతే ఇట్టే సరిచేసేది."

నేను చేసిపెట్టొచ్చు. చేయలేదు. మేడం పేజీ తెరిచి, అక్షరాల సైజు గురించి ఉన్నచోటు చూపించి పక్కకు జరిగాను. అంకుల్ పైన ఉన్నదేదీ చదవలేదు. కళ్ళజోడు సర్దుకుని, వేలు తెరమీద పెట్టి, నేరుగా ఆఖరి వాక్యం దగ్గరికి వెళ్ళిపోయారు. "మళ్ళీ ముందటిలా కావాలంటే..." అని కూడబలుక్కుంటూ చదివి, అందులో చెప్పినట్టే నొక్కారు. చుట్టాల పేర్లన్నీ మళ్ళీ పెద్దవయ్యాయి.

"వచ్చేసినయ్" అన్నారు. ఆ వాక్యం చూపిస్తూ, "ఇది తను రాసిందేనా?" అని అడిగారు.

"అవునంకుల్."

ఇంక ఆ వాక్యాల్లో ఒక్కదాన్ని కూడా నేను తీయను, ఎవర్నీ తీయనివ్వను. ఆ మాట మేడంకి చెప్పాలనిపించి ఏడుపు ముంచుకొచ్చింది. అంకుల్ నా వైపు చూడలేదు. అక్షరాలు బాగుపడి చాలాసేపైంది. అయినా ఆయన ఆ పేజీ మూయకుండా, వేలు మళ్ళీ మొదటి మాట కింద పెట్టి, ఆ వాక్యాన్నే నెమ్మదిగా చదువుకుంటున్నారు.