రైలెక్కని మోటారు సైకిలు

పెళ్ళయిన నాలుగో ఏట నేను మైసూరు చూస్తానన్నాను. ధర్మవరంలో మా మగ్గాల వీధిలో అంతవరకు ఏ కోడలూ అట్లాంటి మాట అని ఉండదు. తిరుపతికో, కదిరి నరసింహస్వామి దగ్గరికో పోతానంటే ఎవరూ తప్పు పట్టరు, మొక్కు ఉందంటే చాలు. మొక్కూ లేదు, అక్కడ చుట్టాలూ లేరు, ఊరికే చూసి వస్తానంటే మాత్రం బుగ్గలు నొక్కుకుంటారు. అవి అరవైల మొదటి ఏళ్ళు. మా అత్త చిన్నతనంలో మైసూరంటే వేరే రాజుగారి రాజ్యం. ఆ రాజ్యం పోయి రాష్ట్రమైనా ఆమె లెక్కలో అది పరదేశమే. హిందూపురం దాటి కన్నడం బోర్డు కనబడిందంటే సముద్రం దాటినట్టే.

నాకెందుకంత పట్టుదల వచ్చిందో చెప్పాలి. నా పని పోగులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేత అయిపోతే, దాని కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా వాటితో కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. పట్టు జారకుండా వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క తిప్పు. తొమ్మిదో ఏట నుంచీ నాది అదే తిప్పు. నేను అతికిన పోగులు చీరలై బెంగుళూరు పోయేవి, మద్రాసు పోయేవి. నేను మాత్రం పక్కనున్న కనగానపల్లి దాటి ఎరగను. చీర పోవచ్చు గానీ పోగులు అతికిన మనిషి పోకూడదా అని మా అత్తను ముఖం మీదే అడిగాను.

మా ఆయన అప్పటికి ఎనిమిది నెలల కిందట హిందూపురంలో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన మోటారు సైకిలు కొన్నాడు. "మింగ మెతుకు ల్యాకపోయినా మీసాలకు సంపెంగ నూనె" అని మా అత్త ఆ బండిని చూసినప్పుడల్లా అనేది. బండి కొన్న సంతోషంలో ఆయన నాకు మైసూరు చూపిస్తానని నోరు జారాడు. మరునాడు ఆయన మరిచిపోయాడు, నేను మరవలేదు. ఆ ఎనిమిది నెలలూ తింటున్నప్పుడూ నేస్తున్నప్పుడూ అదే మాట గుర్తు చేస్తూ వచ్చాను. చివరికి మా అత్త వీధిలో నలుగురి ముందు నిలబడి తీర్పు చెప్పింది.

"మోటారు సైకిలు మీద పోతాండారు గదా, మోటారు సైకిలు మీదనే ఈ ఈదిలోకి రావల్ల. చెడిపోయిందని ఎద్దులబండ్లోనో రైల్లోనో ఏసుకోని వస్తిరా, ఇంగ ఈ పిల్ల గడప దాటేది ల్యా. మళ్ళా అడగనూ కూడదు."

"సరే అత్తా" అన్నాను. ఆమె నేను వెనక్కి తగ్గుతాననుకుంది. మా ఆయన కూడా అదే అనుకున్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

మైసూరు గురించి పెద్దగా చెప్పను. రాజుగారి భవనం చూసి ఇన్ని గదులు ఎవరు ఊడుస్తారా అనుకున్నాను. అంతకన్నా నాకు బాగా జ్ఞాపకం ఉన్నది బెంగుళూరు లాల్‌బాగులో కనబడిన ఒకావిడ. మా ధర్మవరం చీర కట్టుకుని చెట్ల మధ్య నడుస్తోంది. కుచ్చిళ్ళ నుంచి కొంగు దాకా కళ్ళార్పకుండా చూశాను. నన్ను దొంగ అనుకుందో ఏమో, మెడలో గొలుసు సర్దుకుని పక్కకు జరిగింది. జరిగితే జరగనీ, నేను చూడవలసింది చూశాను.

నాలుగో రోజు తెల్లవారుజామున బెంగుళూరులో బయలుదేరాం. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదన్నట్టు, హిందూపురం ఇంకా మూడు మైళ్ళుందనగా, కన్నడం మైలురాళ్ళ మధ్యనే బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. పెట్రోలు ఉంది. తాళం చెవి మాత్రం హెడ్‌లైటు మీద ఉన్న స్విచ్చిలో వదులుగా అటూ ఇటూ తిరుగుతోంది.

మా ఆయనకు బండి తోలడం తెలుసు, బండి సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకునే మనిషి కాదు. ఇంజనులోంచి ప్లగ్గు ఊడదీసి, దాన్ని తీగతో సహా చేత్తో పట్టుకుని, కాలితో కిక్కు కొడుతూ, "నిప్పు వస్తాదేమో చూస్తా, నువ్వు తాళం తిప్పుతా ఉండు" అన్నాడు. తిప్పాను. ఎంత తిప్పినా ఏమీ లేదు. విసుగొచ్చి గట్టిగా ఒక పక్కకు నొక్కాను. అంతవరకు చచ్చి పడున్న స్విచ్చి ఆ ఒక్క క్షణం బతికింది. మా ఆయన కెవ్వుమని కేకేసి కంకర మీద కూలబడ్డాడు. మోచేతి దాకా షాకు కొట్టింది. ఆ రోజు నుంచి ఆ బండిలో ఏ తీగనూ ఆయన ముట్టుకోలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు మా ఇంట్లో బల్బు మార్చింది కూడా నేనే.

ఇద్దరం తోసుకుంటూ హిందూపురం చేరాం. ఊళ్ళోకి వస్తుండగా స్టేషను దారిలో మా వీధి మనిషే ఎదురుపడ్డాడు. చీరలు అమ్ముకుని ఇంటికి పోతున్నాడు.

"ఏమప్పా, ఎక్కి పోయినోళ్ళు తోసుకోని వస్తాండారే!" అని పళ్ళికిలించాడు. "నేను రైలుకు పోతాండా. చెప్తాలే మీ అమ్మకు."

ఆ మాటతో నా కాళ్ళలో ఉన్న నొప్పంతా పోయింది. అంత కోపం వచ్చింది.

మెకానిక్కు సాయిబు హెడ్‌లైటు విప్పి స్విచ్చి చూసి పెదవి విరిచాడు. లోపల అరిగి విరిగిపోయింది, కొత్తది బెంగుళూరు నుంచి రావాలి, రెండు మూడు దినాలు పడుతుందన్నాడు. మా ఆయన వెంటనే, "రైల్లో ఏసేద్దాం మే" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు గోడ వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వూ నీ బండీ రైల్లో పోండి. నేను నడిచి వస్తా" అన్నాను. తర్వాత సాయిబును అడిగాను. "అన్నా, ఈ స్విచ్చి చేసే పనేమి?"

ఆయన నవ్వలేదు. ఆ గౌరవం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. రెండు తీగలు బయటికి లాగి చూపించాడు. "ఇది బ్యాటరీ నుంచి వస్తాది. ఇది ఇంజనుకు పోతాది. రెంటినీ కలిపేది, ఇడదీసేది, అంతే స్విచ్చి. నేను కలిపి ఇస్తామ్మా. అయితే ఇంగ తాళంతో ఆగదు, ఆపల్లంటే ఈ తీగలు ఇడదీయల్ల. దారి బాగల్యా. ఊడితే నన్ను అనొద్దండి."

బ్లేడుతో తీగల కొసలు రాగి మెరిసేదాకా గీకి, మెలిపెట్టి, గుడ్డపీలిక చుట్టి, చేతికి అందేటట్టు హెడ్‌లైటు బయట వదిలాడు. ఆయన మెలి నాకు నచ్చలేదు. వదులుగా ఉంది. అయినా మన పని కాదు గదా అని ఊరుకున్నాను. అదే నా తప్పు.

పెనుకొండ దారిలో సగం పోయామో లేదో, ఒక గుంతలో బండి ఎగిరిపడి ఇంజను ఆగిపోయింది. మెలి ఊడింది. చుట్టూ వేరుశనగ చేలు తప్ప మనిషి లేడు. కాసేపటికి చెక్క తీసుకుపోయే ఎద్దులబండి ఒకటి వచ్చింది. బండాయన మా అవస్థ చూసి దిగి, "ఏమబ్బా, ఎత్తి నా బండ్లో ఏస్తామా? పెనుకొండ టేసను కాడ దింపుతా" అన్నాడు. మంచి మనిషి. మా ఆయన అప్పుడే వెనక చక్రం పట్టుకున్నాడు.

నేను ముందు చక్రం మీద చెయ్యి వేసి, "దీన్ని ఎత్తేదుంటే నన్ను కూడా ఎత్తి బండ్లో కట్టెయ్యండి" అన్నాను. బండాయన మా ఆయన వైపు జాలిగా చూసి, ఎద్దులను అదిలించుకుని పోయాడు.

నాకు లోపల భయంగానే ఉంది. ఈ బండి ఇక్కడ కదలకపోతే నా బతుకంతా ఆ పడుగు ముందే. మైసూరు ఒక్కటే కాదు, ఇంక కనగానపల్లి కూడా లేదు. కానీ నా ముందున్నవి రెండు కొసలు. రోజుకు వేల కొసలు కలిపే దానికి రెండు కలపడం రాదా?

రోడ్డు పక్కన ఎవరో వండుకుని వదిలేసిన మూడురాళ్ళ పొయ్యి ఉంది. పోయి వేళ్ళకు బూడిద అద్దుకుని వచ్చాను. తీగల కొసలు పక్కపక్కన పెట్టి, మా అమ్మ నేర్పిన తిప్పు తిప్పాను. లాగి చూస్తే ఊడలేదు. సాయిబు కట్టిన దానికన్నా గట్టి అతుకు. "కొట్టు కిక్కు" అన్నాను గర్వంగా.

కొట్టాడు. పది సార్లు, ఇరవై సార్లు. ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

"చెప్తి గదా" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ. "ఇది పట్టు కాదు మే, మోటారు."

అంత మాట అన్నాక ఊరుకుంటానా? అతుకు విప్పి చేతిలో పెట్టుకుని చూశాను. రాగి కనబడలేదు. బూడిదే కనబడింది. పోగుకైతే బూడిద పట్టునిస్తుంది. సాయిబు మెరిసేదాకా గీకింది ఎందుకో అప్పుడు తలకెక్కింది. తీగకూ తీగకూ మధ్య ఏదీ ఉండకూడదు. నా పదిహేనేళ్ళ అలవాటే మధ్యలో అడ్డం కూర్చుంది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. వెంట తెచ్చుకున్న నీళ్ళతో చేతులు కడుక్కుని, కొంగుతో తీగలు తుడిచి, రాతి అంచున గీకి, మళ్ళీ ఎర్రగా మెరిశాక ఉత్త వేళ్ళతో తిప్పాను. జారుతుంటే ఇంకా గట్టిగా పట్టాను, బొటనవేలు తెగింది. అతుకు మీద గుడ్డపీలిక చుట్టాను.

రెండో కిక్కుకు ఇంజను అందుకుంది. నేను రోడ్డు మధ్యలో నిలబడి గట్టిగా అరిచాను. ఏమని అరిచానో తెలియదు, మంచి మాట మాత్రం కాదు.

పెనుకొండలో టీ కోసం ఆగాం. ఆపడానికి నేను దిగి తీగలు విప్పబోతే, హోటలు ముందు జనం చూస్తున్నారని ఆయనకు నామోషీ అయింది. పెట్రోలు కొళాయి మూద్దామంటే అది ఎప్పుడో బిగుసుకుపోయింది. "నేనే ఆపుతాలే" అని గేరులో వేసి క్లచ్చి వదిలాడు. బండి ఎగిరి దూకి హోటలు బెంచీని పడగొట్టి, అప్పుడు ఆగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బెంచీ దారికి అడ్డంగా వేశారని హోటలాయనను తిట్టాడు. అక్కడి నుంచి మాకు మాటలు లేకుండానే ఒప్పందం కుదిరింది. ఆపాలంటే నేను విప్పాలి, కదలాలంటే నేను కలపాలి.

ధర్మవరం చేరేసరికి ఎండ తగ్గింది. మా వీధిలో పడుగు సరిచేయడానికి ఈ కొస నుంచి ఆ కొసకు చాపి ఉంచారు. రైల్లో వచ్చిన పెద్దమనిషి వార్త మోసేశాడు కాబట్టి ఎద్దులబండి కోసం ఎదురుచూస్తూ వీధి వీధంతా బయటే ఉంది. మోటారు సైకిలు చప్పుడుకు అందరి తలలూ తిరిగాయి. మా ఆయన మీసం సవరించుకుంటూ పడుగుకు రెండడుగుల ఇవతల నిలిపాడు. ఇంజను దడదడమని ఆడుతూనే ఉంది. నేను దిగి కొంగు దులుపుకున్నాను.

మా అత్త పడుగు పక్క నుంచి వచ్చి బండిని ముందూ వెనకా చూసింది. "చెడిపోయిందంట గదా. ఎవురు బాగు జేసినారు?" అని గొంతు పెంచి అడిగింది.

"నేనే మా" అన్నాడు ఆయన.

తెగిన బొటనవేలు ఇంకా సలుపుతూనే ఉంది. చేతులు కట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను.

ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన తాళం వైపు చూశాడు, తీగల వైపు చూశాడు. చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. నా వైపు కళ్ళతో సైగ చేశాడు. నేను ఆకాశం చూశాను. గేరు మీద కాలు వేశాడు. ఎదురుగా పట్టు పడుగు ఉంది. బండి దూకిందంటే ఒక ఇంటి నెలల పని నాశనం. "వద్దొద్దు!" అని జనం పడుగుకు అడ్డం నిలబడ్డారు.

"ఆపరా దాన్ని, చెవులు పోతాండాయి!" అని అరిచింది మా అత్త.

ఆయన చివరికి నన్ను పిలిచాడు. "మే, వచ్చి ఆపు."

"ఎవురు బాగు జేసినారో వాళ్ళే ఆపల్ల" అన్నాను.

ఆయన ముఖం చూసి నాకు జాలి కలిగింది. కలిగినా లేవలేదు. ఆయన వీధినంతా ఒకసారి చూసి, ఇంజను చప్పుడుకు మించి గొంతు చించుకున్నాడు. "నేను గాదు! ఈమె జేసింది!"

అప్పుడు లేచాను. పోయి గుడ్డపీలిక లాగి తీగలు విడదీశాను. ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "నాకు చేత కాల్యా!" అన్న మాట, నిశ్శబ్దమైపోయిన వీధిలో, ఆ చివరి ఇంటి దాకా వినబడింది.

"వింటిమి లేరా" అంది మా అత్త. తర్వాత నలుపెక్కిన నా చేతుల వైపు కాసేపు చూసి, జనం వైపు తిరిగింది. "ఆ పడుగు ఒక పక్క ఎత్తండప్పా. పిల్ల బండి తీసుకోని లోపలికి రావల్ల."

నలుగురూ పడుగు ఎత్తి పట్టుకున్నారు. మా ఆయన చేతిలోంచి హ్యాండిలు తీసుకుని, బండిని నేనే తోసుకుంటూ దాని కింద నుంచి ఇంట్లోకి పోయాను.