యాకయ్యను బయటికి పంపిన రోజు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, బడులు తెరిచే జూన్ నెలలో, మహబూబాబాద్ జిల్లా కురవి వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ అయ్యాను. ఏఎన్‌ఎంల పని చూడటం, రిజిస్టర్లు సరిచూడటం, ఊళ్లలో సమావేశాలు పెట్టించడం నా విధులు. హోదా చిన్నదే కాని నోరు పెద్దది. నా కేక వింటే సబ్ సెంటర్ తాళం దానంతటదే తెరుచుకుంటుందని ఏఎన్‌ఎంలు చాటుగా నవ్వుకునేవారట.

ఈడొచ్చే ఆడపిల్లల తల్లులకు అంగన్‌వాడీలో సమావేశం పెట్టేవాళ్లం. బొమ్మల చార్టు విప్పే ముందు మగవాళ్లను బయటికి పంపి తలుపు దగ్గరికి వేయడం నా పద్ధతి. అలా అయితేనే ఆడవాళ్లు నోరు విప్పుతారు, అది నిజమే. ఒక ఊళ్లో అలా తలుపు వేయబోతుండగా, ఆటో నడిపే యాకయ్య వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. తన బిడ్డకు తల్లి లేదని, తానే విని పోదామని వచ్చానని చెప్పాడు. "ఇది ఆడోళ్ల ముచ్చట. మీ అక్కనో వదిననో పంపియ్యి" అన్నాను. లోపల ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. నేను హాజరు సంతకాలు తీసుకుని, సమావేశం బాగా జరిగిందని డైరీలో రాసుకున్నాను.

నెల తిరక్కముందే ఆ ఊరి ఆశ కార్యకర్త సరోజన ఫోన్ చేసింది. ఊళ్లలో మా శాఖకు కళ్లూ చెవులూ ఆశలే. యాకయ్య కూతురు లావణ్య ఏడో తరగతి. మూడు రోజులుగా బడికి పోవడం లేదు, అన్నం ముట్టడం లేదు. పిల్ల పెద్దమనిషి అయింది. తల్లి గర్భసంచి క్యాన్సర్‌తో, రక్తం పోయి పోయి, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. కళ్లారా చూసిన పిల్ల, అమ్మ రోగమే తనకూ వచ్చిందనుకుంది. ఇది రోగం కాదని సరోజన ఎంత చెప్పినా నమ్మలేదు. "అమ్మకు గూడ ఏం కాదనే అన్నరు గద" అందట.

ఆ మాట వినగానే నా మీద నాకే ఒళ్లు మండింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది నా పని. వెంటనే బండి తీశాను.

యాకయ్య వాకిట్లో ఆటో పక్కన కూర్చుని ఉన్నాడు. జనగామ నుంచి అక్క ఆదివారం వస్తుందని, ఆమే చెబుతుందని అన్నాడు. మేనత్త వచ్చి చెప్పడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. "ఐతారం దాక పిల్ల సచ్చిపోత అనుకుంటనే ఉండాల్నా?" అని అడిగాను. నేనే లోపలికి పోయి చెబితే రెండు నిమిషాల పని. కాని అమ్మకు ఏం కాదని పిల్లకు చెప్పింది తండ్రేనట. ఆ అబద్ధాన్ని అతనే వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఇంకెవరు చెప్పినా నమ్మదు. పైగా వచ్చే నెల ఏ అనుమానం వచ్చినా అడగడానికి ఇంట్లో ఉండేది అతనొక్కడే.

ఆటో సీటు మీద చార్టు పరిచాను. ముందు అమ్మ సంగతి దాచకుండా చెప్పమన్నాను. ఆ తర్వాత ఇది ఎందుకొస్తుంది, ఎన్ని రోజులుంటుంది, ప్యాడ్ ఎప్పుడెప్పుడు మార్చుకోవాలి, అన్నీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే. తెలియనిది అడిగితే తెలియదని ఒప్పుకుని, కనుక్కుని చెప్పమన్నాను. "నా నోరు లేస్తలేదు మేడం" అన్నాడు. తడబడుకుంటూనే చెప్పు, బిడ్డ తప్పు పట్టదు అన్నాను.

చెప్పాడు. నేను గడప ఇవతలే నిలబడ్డాను. భార్యకొచ్చిన రోగం పేరు బిడ్డ ముందు మొదటిసారి పలికాడు. తెలిసీ దాచానని ఒప్పుకున్నాడు. "గది వేరు, గిది వేరు బిడ్డా" అన్నాడు. చాలాసేపటికి పిల్ల ఏడుపు ఆగింది. "ముందుగాల్నే ఎందుకు చెప్పలేదు నాయినా?" అని అడిగింది. యాకయ్య ఒక్కసారి నా వైపు చూశాడు. "నేనే తెలుసుకోలే బిడ్డా" అన్నాడు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. లోపలికి వెళ్లి, "మీ నాయిన తెలుసుకుందామనే వచ్చిండు. నేనే ఎల్లగొట్టిన" అని పిల్లకు చెప్పాను. సోమవారం లావణ్య బడికి పోయింది.

ఆ తర్వాత నేను పెట్టిన ప్రతి సమావేశంలో తండ్రులకు వేరుగా ఒక గంట కేటాయించాను. ఏఎన్‌ఎంలు గొణిగారు. కొన్ని ఊళ్లలో ముగ్గురే వచ్చారు, ఆ ముగ్గురికే చెప్పాను. నేను నేర్చుకున్నది ఇంతే. పిల్ల రోజూ ఎవరి చేతి అన్నం తింటుందో, ఈడు సంగతి చెప్పాల్సింది వాళ్లే. అదీ రక్తం కనబడక ముందే.